పెద్ద చప్పుడు తీసేస్తే

అందరి ఇళ్ళల్లోలాగే సుభాషిణి వంటింట్లోనూ మిక్సీ పక్కన గుండె పెట్టె ఉంది. ఆమె ఛాతీకి అంటించిన బిళ్ళ పంపే చప్పుళ్ళను అది పొద్దుట్నుంచీ వింటోంది.

“గుండె కింది గదుల పెద్ద చప్పుడు తీసేసి విన్నానండీ. పై గదులు సరిగ్గా కొట్టుకోవడం లేదు, వణుకుతున్నాయి. ఈ దడ ఎప్పట్నుంచమ్మా?” అని అడిగింది పెట్టె.

“నిన్న సాయంత్రం నుంచే!” హాల్లోంచి జవాబు చెప్పాడు భర్త భద్రం.

“కాదండీ, అది...” అనబోయింది సుభాషిణి.

“నువ్వుండవే. నిన్ననేగా ఆయాసమంటూ కూర్చున్నావు?”

“కొత్తదైతే నర్సు వచ్చి గుండె లయ సరిచేసే కరెంటు షాక్ ఇప్పుడే ఇస్తారు. పాతదైతే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు షాకిస్తే ఆ గడ్డ మెదడుకి పోతుంది,” అంది పెట్టె.

“కొత్తదేనని చెప్తున్నాగా!” భద్రం గొంతు ఇల్లంతా మోగింది.

సుభాషిణి చేతిలోని గరిటెను ఠంగున గట్టు మీద కొట్టింది. “పెద్ద చప్పుడు తీసేసి చిన్నది వింటావుగా? ముందు ఈయన గొంతు తీసెయ్!”

“తీసేశానండీ. చెప్పండి.”

భద్రం ఇంకా అరుస్తూనే ఉన్నాడు. పెట్టెకి మాత్రం ఆమె ఒక్కతే వినబడుతోంది.

“ఆవకాయ కలిపిన రోజు మొదలైంది. ఇప్పటికి జాడీ సగమైంది.”

“అయితే ఇవాళ షాక్ వద్దమ్మా. ముందు రక్తం పలచబడే మందు వాడాలి.”

భద్రం అరుపులాపి వంటింట్లోకి వచ్చాడు. “అప్పట్నుంచా? మరి నాకు చెప్పలేదేం?”

“చెప్పాను. ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే అన్నం కలిపి మీకు ముద్ద పెడుతూ చెప్పాను. ఉప్పు చాల్లేదన్నారు.”