ఎర్రమందు సీసాలు

“మందు తాగించక్కా! చచ్చేటట్టున్నాడు వాడు!” అక్క చెబుతున్న ఆట సంగతి వింటూ ఫోన్లో యోసేపు అరిచాడు.

“అరవగాకురా. చూస్తానే ఉండా,” అంది యేసుమణి. వేలు మౌసు మీదే ఉంది గానీ, ఆమెకు నొక్కబుద్ధి కావడం లేదు.

తెర మీద నేలమాళిగ ఆట. చీకటి మెట్లు దిగుతూ దిగుతూ ఆమె యోధులు ముగ్గురూ చిట్టచివరి అంతస్తుకు చేరారు. ఎదురుగా కొమ్ముల రాక్షసుడు. ముందు నిలబడ్డ కత్తివాడికి ప్రాణం గోరంత మిగిలింది. పాడు ఆట, ముగ్గురూ చస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుంది, మళ్లీ మొదటి మెట్టు నుంచి దిగాల్సిందే. ఇక దిగే వీలు కూడా లేదు. కాసేపట్లో మొగుడు కరుణాకరం ఈ కంప్యూటర్‌ను త్రిపురాంతకంలో తాను తెరవబోయే జిరాక్స్ దుకాణానికి తీసుకుపోతున్నాడు. వారమంతా ఎండలో పల్లెలు తిరిగి పిల్లలకు టీకాలు వేసే నర్సు ఆమె. ఆదివారం ప్రార్థన అయ్యాక తనదంటూ ఉన్నది ఈ ఆటొక్కటే. దాన్ని ఓడిపోయి వదలడం ఆమెకు ఇష్టం లేదు.

“సంచిలో ప్రాణం పోసే ఎర్రమందు సీసాలు ఎన్నుండాయి?” అడిగాడు తమ్ముడు.

“ఉండాయిలే, కొన్ని.”

“కొన్నంటే?”

“సంచి నిండా.”

యోసేపు నెత్తి కొట్టుకున్న చప్పుడు దొనకొండ నుంచి మార్కాపురం దాకా వినిపించింది.

“దాచి ఏం జేస్తావక్కా? ఇంక కింద అంతస్తే లేదు గదా!”

“ఏమోరా. రేపు అవసరం పడితే?”

“ఇదే అవసరం!”

వాడన్నది నిజమేనని ఆమెకు తెలుసు. కానీ కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో పెరిగిన చెయ్యి అది. ఇంట్లో డ్రమ్ము నిండుగా ఉన్నా, ట్యాంకరు చప్పుడు వినబడితే బిందె అందుకుంటుంది. నిండుగా ఉన్నదాన్ని ముట్టుకోవాలంటే ప్రాణం ఒప్పదు.

రాక్షసుడు గద తిప్పాడు. కత్తివాడు కూలిపోయాడు.

“పోయినాడ్రా!” ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆటకు ఏడవడమేమిటని సిగ్గు కూడా వేసింది.

“మిగిలినోళ్లనన్నా దక్కించుకో. విలుకాణ్ని వెనక్కి జరుపు. మంత్రగత్తెకు తాగించు. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక సీసా. ఎన్ని మిగిలినాయో చూడనే చూడొద్దు!”

కరుణాకరం తాడు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. “అయిందా మణీ? ఆటో వచ్చింది.”

“ఒక్క నిమిషం నిలబడయ్యా, నీకు పుణ్యముంటుంది!”

కళ్లు చికిలించి, పళ్లు బిగించి, ఆమె మొదటి సీసా నొక్కింది. తర్వాత ఇంకోటి. సంచి ఖాళీ అవుతోంది. అయినా ఆగలేదు. విలుకాడి బాణాలు, మంత్రగత్తె నిప్పులు, మధ్య మధ్యలో సీసాలు. కరుణాకరం తాడు సంగతి మరిచిపోయి ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. ఆఖరి సీసా అయిపోయాక ఇంకొక్క బాణం. రాక్షసుడు వెల్లకిలా పడ్డాడు.

“చచ్చినాడ్రా యోసేపూ!”

“చచ్చినాడా?” వాడి గొంతు అదోలా పలికింది. “నిజంగానేనా అక్కా?”

తెర మీద గోడ రెండుగా చీలి, నల్ల తలుపొకటి, తెల్ల తలుపొకటి కనబడ్డాయి. ఒకదాంట్లో బయటికి దారి, ఇంకోదాంట్లో చావు అని పైన రాసుంది.

“ఏ తలుపు తెరవాల్రా? తొందరగా చెప్పు, ఇక్కడ ఒక్క సీసా కూడా మిగల్లేదు.”

ఆమె ఫోన్ దగ్గరికి వంగింది.

“యోసేపూ! నిన్నేరా!”

“నాకేం తెలుసక్కా,” అన్నాడు వాడు చివరికి, నీరసంగా. “ఎన్నిసార్లు దిగినా నేను ఆ రాక్షసుడి చేతిలోనే చచ్చినాను... సంచి నిండా సీసాలతో.”