చేజేతులా ఇచ్చిన ఈటె

"వద్దురా! ఇయ్యకురా వానికి!"

టీవీలో ఉన్నవాడికి వినబడుతుందన్నట్టే అరిచాడు బాలకృష్ణ. బాన్సువాడ బస్టాండుకు ఎదురుగా ఉన్న అతని ఎరువుల దుకాణంలో బస్తాల మీదా గుమ్మంలోనూ ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చున్న జనం ఒక్కసారిగా మెడలు సాచారు.

ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో పురుషుల జావెలిన్ ఫైనల్ జరుగుతోంది. ఐదు విసుర్లు అయ్యేసరికి అందరికన్నా ముందున్నవాడు బాలకృష్ణ తమ్ముడు అఖిలేశ్. అతని వెనకాలే శ్రీలంక ఆటగాడు. ఇక తలా ఒక్క విసురే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఆ శ్రీలంకవాడు అఖిలేశ్ దగ్గరికి వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో అడిగాడు. అఖిలేశ్ మొదటినుంచీ తాను విసురుతున్న పసుపుపచ్చ ఈటెను రెండు చేతులా పట్టుకుని అతనికి ఇచ్చేశాడు.

"ఏందిది? ఎందుకిచ్చిండు?" బాలకృష్ణ భార్య వైపు తిరిగాడు. టీవీలో వచ్చే ఇంగ్లిషు మాటలకు ఇందాకటినుంచీ సౌజన్యే అర్థం చెబుతోంది. "ఏమంటుండ్రు వాళ్లు?"

"ఒకరి ఈటె ఇంకొకరు ఇసరొచ్చంటుండ్రు. తప్పేం లేదంట."

"తప్పు కాకపోవచ్చు. తెలివి గూడ కాదు గదా!" అన్నాడు చెరుకు రైతు హన్మాండ్లు, బస్తా మీంచి లేచి నిలబడుతూ. అఖిలేశ్‌ను ఊరేగించడానికి తన ట్రాక్టరు కడిగించి బయట పెట్టిన మనిషి ఆయన.

శ్రీలంకవాడు పరుగు మొదలుపెట్టాడు. ఈటె లేచింది. అది అఖిలేశ్ దూరానికి గుర్తుగా వేసిన పచ్చగీత మీదుగా పోయి, దాని అవతల దిగబడింది.

అదైనా సరే అనుకోవచ్చు. కానీ కెమెరా తిప్పి చూపిస్తే అఖిలేశ్ చప్పట్లు కొడుతున్నాడు! వీడికి మతి గాని పోయిందా? వాడు దాటిపోయాడన్న సంగతి వీడికి తెలియలేదా?

"ఇంకో మాటు ఉంది గదా మరిదికి," అంది సౌజన్య నెమ్మదిగా.

అఖిలేశ్ ఆఖరుసారి పరుగెత్తుకొచ్చి, నేలమీద బోర్లా పడేంత బలంగా విసిరాడు. ఈటె శ్రీలంకవాడి దూరానికి జానెడు ఇవతలే ఆగిపోయింది. లేచి దుమ్ము దులుపుకుని, ఏడుస్తాడేమో అనుకుంటే, పోయి ఆ శ్రీలంకవాడిని కౌగిలించుకుని గాల్లోకి ఎత్తాడు.

వెండి పతకం వచ్చినందుకు సంతోషించాలో, చేతిదాకా వచ్చిన బంగారం పోయినందుకు ఏడవాలో దుకాణంలో ఉన్నవాళ్లకు తెలియలేదు. ఒకాయన సగం చప్పట్లు కొట్టి మానుకున్నాడు. ఇంతలో ఫ్లెక్సీలు వేసేవాడి దగ్గరనుంచి ఫోను వచ్చింది.

"అన్నా, బంగారమని రాయాల్నా, వెండి అని రాయాల్నా?"

"ఏం రాయకు!" అని ఫోను పెట్టేశాడు బాలకృష్ణ.

"గెలిచే మొగోడు కత్తి తీసి ఎదుటోని చేతికిస్తడా ఎక్కడన్న?" హన్మాండ్లు తల అడ్డంగా ఊపాడు. "ఏదో ఉంది బాలకృష్ణా. ఊకెనే ఎవడూ ఇయ్యడు."

"ఏముంటది కాకా? ఏమంటున్నవ్ నువ్వు?"

"నేనేమంటలే. చూసినోళ్లు అంటరు."

ఆ మాట బాలకృష్ణ గుండెలో ముల్లులా దిగింది. తమ్ముడు అలాంటివాడు కాదు. కాదు సరే, మరి ఎలాంటివాడు? కళ్లారా చూసినదానికి ఏమని అర్థం చెప్పుకోవాలి? బంగారం వస్తే సర్కారు నౌకరీ ఖాయమని వాడికీ తెలుసు. తెలిసే ఇచ్చాడు. నవ్వుతూ ఇచ్చాడు. ఎంత ఆలోచించినా ఎటూ తెగలేదు. కోపం మాత్రం పెరిగింది.

చాలాసేపటికి అఖిలేశ్ ఫోను చేశాడు. వీడియోలో మెడలో వెండి పతకం, మొహం నిండా నవ్వు.

"అన్నా! చూసినవా? వదినేదీ? అందరున్నరా ఆడ?"

"అందరున్నరు. అందరు నీ గురించే మాట్లాడుతుండ్రు," అన్నాడు బాలకృష్ణ. "ఏ మొకం పెట్టుకోని వస్తవ్‌రా ఊర్లెకు?"

అఖిలేశ్ నవ్వు ఆగిపోయింది. "ఏమైందన్నా?"

"గట్లనకుండ్రి," అని సౌజన్య భర్త భుజం పట్టుకుంది. "ముందు అడుగుండ్రి. మరిది ఏం జెప్తడో ఇనుండ్రి."

"ఏం అడుగాలె? ఊరంత చూసింది!" బాలకృష్ణ ఫోనును మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. "ఇగ గెలిచినవ్ అనుకునే టైముల నీ ఈటె తీసి వాని చేతుల ఎందుకు పెట్టినవ్‌రా? చెప్పు. ఈడ కూసున్నోళ్లందరికి చెప్పు!"

అఖిలేశ్ అర్థం కానట్టు చూశాడు. అతని వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసి, ఫోనులోకి తొంగిచూసి, బాలకృష్ణకు దండం పెట్టారు. ఆ శ్రీలంకవాడే.

"నా ఈటెలు ఇమానంల తప్పిపోయినయన్నా, ఇంక దొర్కలే. మీరు ఫికర్ జేస్తరని చెప్పలే," అన్నాడు అఖిలేశ్. "ఈయనే తన మంచి ఈటె నాకిచ్చి, ఐదుమాట్లు పాతదాన్తోటి ఇసిరిండు. ఆఖరుకు, ఒక్కసారి నాది నాకిస్తవా తమ్మీ అని అడిగిండు."