పాడె సీను

“ఇంకోసారి చేద్దాం,” అంది ఝాన్సీలక్ష్మి. మధ్యాహ్నం భోజనాలు కూడా పెట్టనివ్వకుండా అదే మాట అంటోంది.

నేరేడ్‌మెట్‌లో షూటింగ్‌కని అద్దెకు తీసుకున్న షెడ్డు అది. పూలు కప్పిన పాడెకు అటు ఆమె తండ్రి రామ్మోహనరావు, ఇటు బాబాయి నోవహు. పెట్టుడు మీసాలు, అట్టకత్తులు. కాకతీయుల నాటి కథట. తమ్ముడు వీరశైవంలో కలిశాడని అన్నదమ్ములు రెండు వంశాలుగా చీలి నరుక్కుంటారు. తల్లి పోయిన రోజున అన్న, “రా తమ్ముడూ, అమ్మను మోద్దాం” అనాలి. సరిగ్గా అక్కడికి రాగానే రామ్మోహనరావుకు దగ్గు వస్తోంది. నోవహు పైకప్పు కేసి చూస్తున్నాడు.

ఓ పక్కన కూర్చున్న నోవహు భార్య ప్రేమమణికి ఒళ్లు మండిపోతోంది. తనను చేసుకోవడానికి ఈయన బాప్తిస్మం తీసుకున్నాక అన్నగారు గడప తొక్కనివ్వలేదు. అత్తగారు పోయినప్పుడు, తల్లికి తలకొరివి పెట్టాల్సింది చిన్నకొడుకు. అది తన విశ్వాసానికి కుదరదని నోవహు చెప్పేశాడు. కనీసం పాడెకు భుజమైనా ఇస్తానని వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. అది పెద్దల మాట, నాదేం లేదని రామ్మోహనరావు చేతులు దులుపుకున్నాడు. ఆనాటి నుంచి బోయిగూడలోని అన్నగారింటికీ అల్వాల్‌లోని తమ ఇంటికీ మాటల్లేవు. ఇప్పుడు వాడు వేస్తుంటే నేను తగ్గుతానా అని ఇద్దరూ వేషాలు కట్టారు. విభూతి మాత్రం పెట్టుకోనని నోవహు మొండికేశాడు.

ప్రేమమణి ఇక ఊరుకోలేక ఝాన్సీని పక్కకు లాగింది. “మా పుండు కెలికి సినిమా తీస్తావా? సిగ్గనిపించట్లేదూ?”

“ఈ సీను రావాలి పిన్నీ. వచ్చేదాకా ఎవరినీ కదలనివ్వను.”

రాక్షసి అనుకుంది ప్రేమమణి.

మళ్లీ మొదలైంది. ఈసారి రామ్మోహనరావు దగ్గలేదు. “రా తమ్ముడూ” అని ఆగిపోయాడు. మీసం ఊడి పెదవి మీద వేలాడింది. “ఆ రోజు గేటు దగ్గర నిన్ను ఆపమన్నది నేనేరా. అమ్మ చివరిదాకా నీ పేరే పలవరించింది. నీకు చెప్పలేదు.”

కాకతీయుల కాలంలో గేటేమిటని ఎవరూ అడగలేదు. నోవహు పాడె చుట్టూ తిరిగొచ్చి అన్నను పట్టుకున్నాడు. “నేనూ బిగుసుకుపోయానన్నయ్యా,” అన్నాడు. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడ్చారు.

“అయిపాయె గద మేడమ్, సామాన్ సదురుకోనా?” అన్నాడు కెమెరా తుకారాం, కళ్లు తుడుచుకుంటూ.

ప్రేమమణి కోపమంతా ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. ఝాన్సీ భుజం మీద చెయ్యి వేసింది.

“మొండిదానివే, అయినా సాధించావు. సినిమా ఎప్పుడొస్తుందో చెప్పు, చర్చివాళ్లందర్నీ తీసుకొస్తా.”

ఝాన్సీ తండ్రి వైపే చూస్తూ నవ్వింది.

“సినిమా ఎక్కడిది పిన్నీ?”