పాత సాకు

“మూత తీసి తింటావా, నన్ను వెళ్ళిపొమ్మంటావా?”

అన్న అన్నం డబ్బాను కుట్టుమిషను బల్ల మీద ఠంగుమని పెట్టాడు. ఆ అదురుకి రెండు దారం బాబిన్లు కిందపడి దొర్లాయి. బస్సు డ్రైవరు కదా, ఆయన గొంతూ హారన్ లాగే ఉంటుంది. ఎదురుగా ఉన్నవాడు తప్పుకోవాల్సిందే.

కుట్టుమిషన్లు బాగుచేసే తమ్ముడు స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రెండేళ్ళ తర్వాత అన్న తన కొట్టు గడప తొక్కాడు. అదీ చేత్తో అన్నం పట్టుకుని! ఎగిరి గంతెయ్యాల్సిన మాటే, కానీ ఒక చిక్కుంది. ఆ రోజు అతను ఉపవాసం.

రంజాన్ నెల ఉపవాసం కాదు. ఉండమని ఎవరూ అనలేదు. మొన్న ఆపరేషన్ బల్ల మీద భార్య ప్రాణం అంచుదాకా వెళ్ళి వచ్చింది. నిన్న సాయంత్రం కళ్ళు తెరిచి, “మొక్కలకి నీళ్ళు పోశారా లేదా?” అని కసిరింది. ఆ కసురు విని అతను ఆసుపత్రి వరండాలో కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. ఇవాళ తెల్లవారకముందే లేచి గ్లాసెడు నీళ్ళు తాగి, ‘యా అల్లాహ్, నీకు కృతజ్ఞతగా ఈ రోజు ఉపవాసం ఉంటున్నాను. ఇది నీకూ నాకూ మధ్య మాట’ అని మనసులో సంకల్పం చెప్పుకున్నాడు. నియ్యత్ అంటే అదే. మనసు చెప్పాలి, అల్లాహ్ వినాలి. మూడో మనిషి చెవిన పడితే అందులో పొగడ్త కలుస్తుందని అతని భయం.

“గుడ్లప్పగించి చూస్తావేంట్రా? మూడు రోజులుగా నీ కడుపులో మెతుకు పడిందో లేదో అడిగిన నాథుడున్నాడా? మీ వదిన కాదు, నేనే వండాను. ఉప్పెక్కువైతే నోరు మూసుకుని తిను.”

“నేనే నీ దగ్గరికి రావాలనుకున్నాను అన్నయ్యా. రక్తం ఇచ్చింది నువ్వేనని నర్సు చెప్పింది. నువ్వే లేకపోతే...”

“చెప్పొద్దన్నానే! ఆ పిల్ల నోట్లో నువ్వు గింజ నానదు. సరే, కబుర్లతో కడుపు నిండదు. తిను.”

“సాయంత్రం తింటాలే.”

ఆ ఒక్క ముక్కతో అన్న ముఖం వాడిపోయింది.

“సాయంత్రమా? రెండేళ్ళ కింద మా అమ్మాయి పెళ్ళిలోనూ ఇంతేగా. పళ్ళెం ముందు పెడితే ఉపవాసమన్నావు. హాలు బయటికెళ్ళి టీ తాగావు. అందరూ చూశారు. కోపం ఉంటే ఉందని చెప్పాలిగానీ, అల్లాహ్ పేరు అడ్డం పెట్టుకుంటారురా ఎవరైనా?”

తమ్ముడు తల దించుకున్నాడు. నిజమే, ఏదో మాట పట్టింపుతో ఆ రోజు లేని ఉపవాసం ఉందన్నాడు. ఈ రోజు ఉన్న ఉపవాసాన్ని ఉందంటే నమ్మేదెవరు? తను తీసిన గోతిలో తనే పడ్డాడు.

“పోనీలే, ఎవరి కోపం వాళ్ళది.” అన్న డబ్బా అందుకుని గడప వైపు తిరిగాడు.

ఆ గడప దాటితే మనిషి మళ్ళీ రాడని తమ్ముడికి తెలుసు. తనంతట తానుగా పట్టిన ఉపవాసం. విడిచినా మరో రోజు ఉండొచ్చు. అన్న మనసు విరిగితే మరో రోజు అతుకుతుందా? ‘ఎందుకు మొదలుపెట్టానో నీకు తెలుసు. ఎందుకు వదులుతున్నానో అదీ నీకే తెలుసు’ అనుకుంటూ చేతులు గబగబా కడుక్కుని వచ్చి డబ్బా లాక్కున్నాడు.

“బిస్మిల్లాహ్!”

పెద్ద ముద్దే పెట్టుకున్నాడు. ఉప్పు నిజంగానే దండిగా పడింది. అంత కమ్మటి అన్నం ఈ మధ్య తిన్నట్టు గుర్తులేదు.

“అలా రా దారికి!” అన్న హారన్ మళ్ళీ మోగింది.

“నువ్వూ తిను అన్నయ్యా.”

“నాకెందుకురా, డ్యూటీకెళ్ళాలి. నువ్వు కానియ్యి.”

“ఒక్క ముద్ద.”

“వద్దన్నానా!”

తమ్ముడి చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. “అయితే కోపం పోనిది నీకే. అన్నం తెచ్చావుగానీ నాతో కలిసి తినడానికి మనసొప్పట్లేదు.”

“అది కాదురా...”

“మరేంటో చెప్పు.”

బస్సు నిండా జనాన్ని ఒక్క కేకతో వెనక్కి జరిపే మనిషి గడప దగ్గరే తచ్చాడాడు. తమ్ముడి చేతిలో ముద్దనీ, తడిసిన కళ్ళనీ మార్చి మార్చి చూశాడు. చివరికి స్టూలు లాక్కుని కూర్చుని ఆ ముద్ద కోసం నోరు తెరిచాడు.

ఇద్దరూ డబ్బా అడుగు దాకా ఊడ్చేశారు. మధ్యలో ఎవరూ పాత మాట ఎత్తలేదు. అన్న లేస్తూ తమ్ముడి భుజం గట్టిగా పట్టుకుని, “అల్‌హమ్దులిల్లాహ్, గండం గడిచిందిరా. సాయంత్రం నేనూ మీ వదినా ఆసుపత్రికొస్తాం” అని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

తమ్ముడికి గుండె నిండిపోయింది. ఉపవాసం పోతే పోయింది, అన్న దొరికాడు. రేపు మళ్ళీ ఉంటాను, ఈసారి రెండు కృతజ్ఞతలకి కలిపి. అల్లాహ్‌కి తెలిసిన సంగతి అల్లాహ్ దగ్గరే ఉండనీ అనుకుంటూ కిందపడ్డ బాబిన్లు ఏరుతుంటే ఫోన్ మోగింది. వదిన.

“తమ్ముడూ, మీ అన్నయ్య అక్కడికొచ్చారా? తినమని మాత్రం బలవంతం చెయ్యకు, నేను చెప్పానని కూడా అనకు. మా తోడికోడలు కళ్ళు తెరిచిందని తెలిసిన దగ్గర్నుంచి ఆయన కాళ్ళు భూమ్మీద లేవు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుని మరీ ఈ రోజు ఉపవాసం ఉన్నారు.”