చెంచాడు నికెల్

పొద్దున్నే వీధి గొట్టంలో హైడ్రోజన్ వదిలారు. ఇంటింటా కుండల్లో నూనె వనస్పతిగా గడ్డకడుతుంటే, మిఠాయిలు చేసే నూకరత్నం కుండలో మాత్రం నీళ్లలా కదులుతోంది. పదింటికల్లా పెళ్లివారికి మూడొందల మడతకాజాలు పంపాలి. పొరల్లో రాయడానికి వనస్పతి లేదు!

మూత తీసి వాసన చూసింది. ఆవఘాటు!

"ఆవకాయ గరిటె ముంచావేటే?" అని కోడలి మీద కేకేసింది. ఆవాల్లోని గంధకం తగిలితే, హైడ్రోజన్‌తో నూనెని గడ్డకట్టించే నికెల్ పొడి ఇక పనిచెయ్యదు.

ఆ కేక విని పక్కింటి పైడమ్మ చెంచాడు నల్లటి పొడితో పరుగెత్తుకొచ్చింది.

"మాయమ్మ నా పెళ్లికెట్టిన నికెలు. ఏసెయ్యొదినా!"

"అమ్మో, అయిపోతే?"

"ముప్పయ్యేళ్లయింది, అయిపోయిందేటి?"

కుండ తోమి, కొత్త నూనె పోసి, పొడి వేసి గొట్టం తిప్పారు. అరగంటకి గుడ్డలో వడగట్టి చల్లార్చేసరికి తెల్లటి ముద్ద! నూకరత్నానికి గంతులేయాలనిపించింది. గుడ్డలో మిగిలిన పొడిని ఎత్తితే చెంచా మళ్లీ నిండింది.

పైడమ్మ చెయ్యి చాచింది.

"పెరుగు తోడైతే తిరిగడగను గానొదినా, దీన్ని మాత్రం ఇచ్చెయ్. మాఘంలో మా పిల్ల సారెలో ఎట్టాలి."