తిరిగొచ్చిన మూతిపట్టీలు

"కళ్లేలకి కుట్టిన మూతిపట్టీలన్నీ తిరిగొచ్చాయి అన్నయ్యా. గుర్రాలకి బిగుతుట," అంటూ కొట్టు నడిపే తమ్ముడు సంచి బోర్లించాడు. "తోలు మిగిల్చి మేడ కడుతున్నావా?"

"అంత తెలివే ఉంటే నీ కొట్లో ఎందుకుంటానురా? అచ్చు మారలేదు."

మెత్త పెట్టి కుట్టిన తడితోలును అన్న ఎప్పట్లాగే తన తొడకు చుట్టి, వంపు తేలేలా కట్టాడు. అతనికి అచ్చంటే ఆ తొడే.

తమ్ముడు నిరుటి పట్టీ ఒకటి తెచ్చి, పంతానికి తడితోలు విప్పించి అదే తొడకు చుట్టి చూశాడు. అది వదులై మోకాలి మీదికి జారింది. ప్యాంటు మీంచి తడిమితే చేతికి ఎముకే తగిలింది.

"డాక్టరేమన్నాడు?"

"ఇక మందులు దండగన్నాడు. నీకు చెబితే కొట్టు మూసి నా మంచం పక్కన కూర్చుంటావని చెప్పలేదు."

ఏ సరుకులో ఎంత నష్టమో ఇట్టే చెప్పే తమ్ముడు తిరిగొచ్చిన పట్టీల్ని లెక్కపెట్టకుండానే పక్కకు నెట్టాడు. తర్వాత బల్ల మీద కూర్చుని, తన కాలు అన్న ఒళ్లోకి చాపాడు.

"దీని మీద కట్టు."

"నీది లావురా. వదులయ్యాయని మళ్లీ తిరిగొస్తాయి."

"రానీ. వస్తే మళ్లీ కడుదువుగాని."