మళ్ళీ వచ్చేవాళ్ళను వదలని తలుపు

“గడ్డపారతో పొడుస్తా!” అంటూ మస్తానయ్య ఇరవై ముఖాల పాచికను బల్ల మీద దొర్లించాడు. పద్నాలుగు పడింది.

“గడ్డపార వంగిపోయింది. తలుపు కదల్లేదు,” అంది మధులత.

“ఏంది తల్లీ ఇది! ఏడు వారాలనించి ఈ గుహలోనే ఉండాం. దివిటీలో నూనె అయిపాయ, రొట్టెలు అయిపాయ. చెంచమ్మక్క మంత్రాలు గూడా అయిపాయ.”

“ఒకటి మిగిలుండాది,” అంది చెంచమ్మ తాపీగా. “గబ్బిలాలను పిలిచే మంత్రం.”

మధులత తల పట్టుకుంది. గబ్బిలాలు తలుపులు తీస్తాయా ఎక్కడైనా!

ఆత్మకూరులో బద్వేలు రోడ్డు మీద మస్తానయ్యకు టైర్ల అంగడి ఉంది. దాని మేడ మీది గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఈ నలుగురూ చేరతారు. ఎనిమిదేళ్ళుగా ఆడుతున్నది ఒకే కథ. కథ చెప్పేది మధులత, మిగతా ముగ్గురూ అందులో పాత్రలు. మస్తానయ్య కత్తి వీరుడు. మర్రిపాడులో మేకలు కాసుకునే చెంచమ్మ ఇక్కడ మహా మంత్రగత్తె. ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చే రామనారాయణ అక్కడ ఎరువుల కొట్లో గుమాస్తా, ఇక్కడ గజదొంగ. ఏం చేస్తామో వాళ్ళు చెబుతారు. అయ్యిందో లేదో పాచిక తేలుస్తుంది.

మొదట్లో ఈ కథ చెప్పినాయన ఏడాది నడిపి, ఒకరోజు సగంలో వదిలేసి బెంగళూరు వెళ్ళిపోయాడు. అప్పుడు చెంచమ్మ ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. చూడలేక మధులత కథను తన నెత్తికెత్తుకుంది. “నేనట్టా సగంలో లేచిపోనక్కా, ముగించే లేస్తా,” అని మాట కూడా ఇచ్చింది. ఆ మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

పార్వతీపురంలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఎన్నేళ్ళు ఎదురుచూసిన ఉద్యోగమో! ఈ కథ కోసమే రెండుసార్లు గడువు అడిగి తెచ్చుకుంది. మంగళవారంలోగా చేరకపోతే ఇంక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. రేపు పొద్దున బస్సు. కథ ముగిశాక నెమ్మదిగా చెబుదామని ఈ ముగ్గురికీ ఇంతవరకు చెప్పలేదు. ముగియాలంటే ఈ ఆఖరి తలుపు తెరుచుకోవాలి. వాళ్ళతో పాటు తనూ ఆ గుహలో ఇరుక్కుంది.

తలుపు మీద చెక్కి ఉన్నది ఇంతే: ‘నాకు చెప్పి కదలండి. మళ్ళీ వచ్చేవాళ్ళను నేను వదలను.’

జవాబు ఒక్క మాట. ఈ పక్క ఊళ్ళలో గడప దాటే మనిషి ‘పోయొస్తా’ అనాల్సిందే. వట్టి ‘పోతుండా’ అన్నామా, అవ్వ నోటి మీద ఒక్కటిస్తుంది. అశుభం! ఆ వట్టి మాట నలుగురిలో ఎవరు అన్నా సరే, తలుపు తెరుచుకుంటుంది. అబ్బ, ఏం పొడుపు వేశాను అని మొదటి వారం మధులత మురిసిపోయింది. ఇప్పుడు ఆ తెలివిని చెప్పుతో కొట్టాలనిపిస్తోంది. మార్చేద్దామా అంటే వీల్లేదు. పెద్ద పొడుపు వేస్తే జవాబు రాసి, కవరులో పెట్టి, అంటించి బల్ల మధ్యలో ఉంచడం వాళ్ళ పద్ధతి. ఆ కవరు ఏడు వారాలుగా అక్కడే ఉంది. జవాబు తెలిసిన తనే కావాలని అనేస్తే అది ఆటే కాదు.

“చెంచమ్మక్కా, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నువ్వు ఏమంటావు?” అని అడిగింది మధులత, ఇంతకంటే విప్పి చెప్పలేక.

“మేకలకు నీళ్ళు పెట్టమంటా.”

“అది కాదక్కా. గడప దగ్గర!”

“నా చెప్పులు యాడుండాయి అంటా.”

మస్తానయ్య పగలబడి నవ్వాడు. మధులతకు ఏడుపు ఒక్కటే తక్కువ. పోయినేడు రాతి సింహం వేసిన పొడుపును టీ చల్లారేలోగా విప్పిన మనిషేనా ఈమె!

“అక్కా, ఈ తలుపు తెరుచుకుంటే కథ అయిపోయినట్టేనా?” అన్నాడు రామనారాయణ. మొదటి వారం నుంచీ అదే ప్రశ్న.

“అయిపోయినట్టే. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

అతను గడియారం చూసి లేచాడు. “ఐదు గంటల బస్సు ఉండాది. ఇంక నేను పో...”

మధులత కుర్చీ అంచుకు జరిగింది. అను నాయనా, అను!

చెంచమ్మ చటుక్కున బల్ల మీది పొట్లంలోంచి మిరపకాయ బజ్జీ తీసి అతని నోట్లో కుక్కింది. “తినిపోరా, కడుపు మాడ్చుకోని యాడికి?”

రామనారాయణ కళ్ళనీళ్ళు పెట్టుకుని నమిలి మింగాడు. “పోయొస్తా అక్కా,” అన్నాడు.

మధులత కుర్చీలో కూలబడింది. ఒక్క బజ్జీ ఎంత పని చేసింది!

“నేనూ పోయొస్తా తల్లీ. వచ్చే ఆదివారం గబ్బిలాలను పిలుస్తాం,” అంటూ చెంచమ్మ సంచీ సర్దుకుంది.

వచ్చే ఆదివారం అనేసరికి మధులత ఇంక ఆపుకోలేకపోయింది.

“వచ్చే ఆదివారం లేదక్కా! పార్వతీపురంలో ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున్నే బస్సు. మాట తప్పుతుండా, తిట్టుకోండి. నేను పోతుండా!” అని బావురుమంది.

మస్తానయ్య తల వంచుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళిన రామనారాయణ వెనక్కి వచ్చాడు. చెంచమ్మ సంచీ కింద పెట్టి వచ్చి, కొంగుతో మధులత కళ్ళు తుడిచింది. బల్ల మీది కవరు తీసి, చించకుండానే ఆమె ఒళ్ళో పెట్టింది.

“ఏడు వారాలు మేం ముగ్గురం బిగబట్టుకున్న మాట, నువ్వే అనేస్తివి గదమ్మా!”